హైదరాబాదు క్లోరోఫారము కమిషను – గుండె గీత



కిందటి వేసవిలో ఒక సాయంకాలము మిరుదొడ్డిలో మా వీధి పటేలు మా యరుగుమీదికి వచ్చి కూర్చుండెను. ఆయన నాకంటె నాలుగైదేండ్లు పెద్ద. పిత్తాశయములో రాళ్లు చేరినవి, కోసి తీయవలెనని సిద్దిపేట వైద్యులు చెప్పి అప్పటికి నాలుగు నెలలైనది. ఆయన కదలలేదు. నొప్పి వచ్చిననాడు వాము నమలి పడుకొనును. తగ్గిననాడు పొలమునకు పోవును. ఆనాడు మాత్రము మనసులోని మాట బయటపెట్టెను.

"పంతులూ, మత్తు సూది ఇచ్చినంక గుండె ఆగుతదంటరు. నిజమేనా? నువ్వు సదువుకున్నోనివి, సెప్పు."

అని అంగీ జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసి నా చేతిలో పెట్టెను. గులాబిరంగు చిన్నచిన్న గళ్ల మీద నల్లని గీత. కొంతదూరము సమముగా పోయి, నిట్టనిలువుగా లేచి, మరల దిగి, ఇట్లు వరుసగా నడచుచు, ఒక్కచోట మాత్రము వరుస తప్పియున్నది. "ఈడ ఒక దెబ్బ ముందుగల్ల పడ్డదని డాక్టరమ్మ అన్నది. అప్పటిసంది గుబులైతున్నది" అనెను.

నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లు పిల్లలకు పద్యములు, వ్యాకరణము చెప్పినవాడను. చిన్ననాడు గురువుగారి యొద్ద కావ్యములతోపాటు శార్ఙ్గధరమునందలి నాడీపరీక్ష కొంత పాఠము చెప్పుకొంటినే కాని, ఆ కాగితమును చదువు విద్య నాకు రాదు. పటేలుకు ఏ సమాధానమును చెప్పలేక పంపితిని. తరువాత నా శిష్యుడొకడు వైద్యుడైయుండగా అతని నడిగి, అతడిచ్చిన పుస్తకములు చదివి తెలిసికొన్నదేమన, మా పటేలు వేసిన ప్రశ్ననే నూటముప్పదియేండ్లకు పూర్వము మన హైదరాబాదు నగరమున, నిజాము ప్రభువుల సొమ్ముతో, లోకమంతయు చూచుచుండగా విచారించిరి. విచారించి తప్పు సమాధానము చెప్పిరి. చెప్పినవారు పండితులే, పరీక్షలో మోసమును లేదు. వారి యెదుట గీతలు వందలకొలది ఉండెను. అయినను తప్పెట్లు వచ్చినదో ఈ ప్రసంగములో మనవి చేసెదను.

ముందుగా నాడి సంగతి. మన పెద్దలు గుండెను చూడలేదు; మణికట్టును పట్టుకొని గుండె నడకను ఊహించిరి. చరక సుశ్రుతులకు నాడీపరీక్ష ప్రధానము కాదు. ఆ విద్యను వైద్యగ్రంథములో విస్పష్టముగా ప్రవేశపెట్టినది శార్ఙ్గధరుడు. వాతమునకు పాము, జలగల నడక. పిత్తమునకు కాకి, కప్పల నడక. కఫమునకు హంస, పావురముల నడక యని ఆయన చెప్పెను. ఆగి ఆగి నడచు నాడి ప్రాణహరమని కూడ చెప్పెను. మన తెలుగుదేశపు వైద్యులు శతాబ్దములపాటు చేత పట్టుకొన్న బసవరాజీయమును నాడీపరీక్షతోనే ఆరంభించును. హైదరాబాదు యూనానీ హకీములును 'నబ్జు' చూడకుండ మందు రాయలేదు. వీరందరి సాధనము మూడు వ్రేళ్లు. ఆ వ్రేళ్ల గొప్పతనమును నేను కాదనను. కాని వ్రేలికి తెలియునది దెబ్బ పడినదా లేదా యన్నంతవరకే. దెబ్బ పడనప్పుడు లోపల గుండె నిశ్చలముగా నిలిచినదా, లేక నిలువక వణకుచున్నదా యన్నది వ్రేలికి తెలియదు. ఈ ఒక్క భేదమును దయచేసి మనసున నుంచుకొనుడు. కథయంతయు దీనిమీద తిరుగును.

1847 నవంబరులో ఎడింబరో నగరపు వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమను తియ్యని వాసనగల ద్రవమును పీల్పించినచో మనుష్యుడు నొప్పి తెలియక నిద్రించునని కనిపెట్టెను. అంతకు ముందు కాలు కోయవలసిన వానిని నలుగురు పట్టుకొని కోయుచుండిరి. కావున ఈ మందు అమృతమువలె దేశదేశములకు ప్రాకెను. మూడునెలలైన కాకమునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండు ఉత్తరభాగమున పదునైదేండ్ల బాలిక హన్నా గ్రీనరు కాలిగోరు తీయించుకొనుటకై ఈ మందు పీల్చి, రెండు మూడు నిమిషములలో ప్రాణము విడిచెను. కాలిగోరు! పెద్ద చికిత్సలలో గంటలకొలది మత్తులో నున్నవారు లేచి కూర్చుండుచుండిరి. పన్ను పీకించుకొనుటకు, గోరు తీయించుకొనుటకు వచ్చిన పుష్టిగల పడుచువారు హఠాత్తుగా పోవుచుండిరి. ఈ విపరీతము ఎవరికిని అంతుబట్టలేదు.

వైద్యులు రెండు పక్షములైరి. లండను పక్షము వారిలో ప్రముఖుడు జాన్ స్నో: మందు గాలిలో మితిమించినచో గుండెనే చంపును, కావున నాడిని కనిపెట్టియుండవలెనని ఆయన మతము. ఎడింబరో పక్షమునకు పెద్ద జేమ్స్ సైమ్: శ్వాసను చూడుడు, నాడితో పనిలేదు, శ్వాస చక్కగానున్నంతసేపు గుండెకు భయములేదని ఆయన బోధ. ఈ రెండవ గురువునకు ఎడ్వర్డు లారీయను శిష్యుడుండెను. ఆ లారీయే తరువాత హైదరాబాదు రెసిడెన్సీ సర్జనై, మన వైద్యపాఠశాలకు అధ్యక్షుడై వచ్చెను.

ఆ పాఠశాల సంగతి రెండు మాటలు. 1846లో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున అది స్థాపితమైనది. అచ్చట బోధన చాలకాలము ఉర్దూలోనే జరిగెను. పట్టము పొందినవానికి 'హకీము' అను బిరుదు. దేశభాషలో పాశ్చాత్య వైద్యము చెప్పవచ్చునని చూపిన ఆ పాఠశాలను మనము ఎక్కువగా తలచుకొనుటలేదు. అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో విద్యార్థులకు లారీ స్వయముగా మత్తు ఇచ్చుట నేర్పెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ ఆ పాఠశాలలో చదివినవారే.

లారీ తన గురువు మాట ముమ్మాటికి నిజమని నమ్మెను. వేలమందికి మత్తు ఇచ్చితిని, శ్వాసనే చూచితిని, ఎవరును పోలేదని చెప్పుచుండెను. లోకము నమ్ముటకై 1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రభుత్వము ఒక కమిషనును నియమించెను. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫారమిచ్చి చూచిరి. ప్రతి కుక్కయును ముందు శ్వాస నిలిచి, తరువాత గుండె నిలిచి చచ్చెను. లారీ విజయము ప్రకటించెను. లండనులోని 'లాన్సెట్' వైద్యపత్రిక, ఇన్నియేండ్ల అనుభవమును హైదరాబాదు కుక్కలు త్రోసివేయజాలవని శంకించెను. అంతట నిజాము ప్రభుత్వము చేసిన పని చూడుడు: మీరే మీకు నచ్చిన పండితుని పంపుడు, ఖర్చులు మేమిత్తుమని 1,000 పౌనులు పంపెను! ప్రతివాదినే సాక్షిగా పిలుచు ఈ ధైర్యము నాకెంతయు మెచ్చదగినదిగా తోచును.

ఆ పత్రిక సర్ లాడర్ బ్రంటన్‌ను పంపెను. గుండెనొప్పికి అమైల్ నైట్రైటును వాడవచ్చునని 1867లో చూపిన విద్వాంసుడాయన. 1889 అక్టోబరులో హైదరాబాదు చేరి, ఆ సంవత్సరాంతమువరకు పనిచేసెను. రెండవ కమిషనులో ఆయన, లారీ, బాంఫర్డు అను సేనావైద్యుడు, మన పాఠశాలలోనే పట్టము పొందిన డాక్టరు రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుఱ్ఱములు కలిసి దాదాపు ఐదువందల జంతువులమీద పరీక్షలు జరిగెను. వానిలో నూరింటికి పైగా యంత్రము బిగించిరి. ఆ యంత్రమెట్టిదన: జంతువు రక్తనాళములో గొట్టము నమర్చెదరు, రక్తపు పోటు ఒక సూదిని కదల్చును, సూది ఎదుట మసిపట్టిన కాగితము చుట్టిన పీపా మెల్లగా తిరుగుచుండును, మసిమీద తెల్లని గీత పడును. పోటు హెచ్చినచో గీత పైకి, తగ్గినచో క్రిందికి. శ్వాసకును మరియొక గీత. ఆ గీతలన్నిటికిని ఛాయాచిత్రములు తీసి 1891లో బొంబాయిలో అచ్చువేయించిరి.

శంకించుటకు వచ్చిన బ్రంటనే లారీ పక్షమునకు మారెను! క్లోరోఫారము ఎప్పుడును గుండెను నేరుగా చంపదు. అతిమాత్రమైనప్పుడు గాని, ఊపిరి ఆడనప్పుడు గాని ప్రాణాపాయమని లండనునకు తంతి పంపెను. మత్తు లోతుపడినకొలది పోటుగీత క్రిందికి జారుటను వారు చూడకపోలేదు. చూచి, అది ప్రమాదము కాదు, రక్తములోనికి మందు అతిగా చేరకుండ శరీరము తన్ను తాను రక్షించుకొనుటయేయని అర్థము చెప్పిరి. ఒకే గీత. లండనువారికి అది మృత్యువు మెట్లు. హైదరాబాదువారికి అది కవచము. పాఠమొక్కటియే, వ్యాఖ్యానములు రెండు. శ్లోకమునకు ముగ్గురు వ్యాఖ్యాతలు మూడర్థములు చెప్పుట ఎరిగిన మాబోటివారికి ఇందు వింతలేదు. కాని ఇక్కడ వ్యాఖ్యానము తప్పినచో ఆపరేషను బల్లమీది మనుష్యుడు పోవును.

తప్పెక్కడ జరిగినది? రెండుచోట్ల. మొదటిది, వారు జంతువులకు మందును ధారాళముగా ఇచ్చిరి. నిండుగా మత్తెక్కిన ప్రాణికి ముందు శ్వాసయే ఆగును, అది నిజమే. హన్నా గ్రీనరువంటి బాలిక నిండు మత్తులో పోలేదు. మత్తు ఎక్కీ ఎక్కని దశలో, భయముతో, నొప్పితో పోయినది. ఆ దశను వారు వేటాడలేదు. రెండవది యంత్రపు లోపము. గుండె వణకు దశలో పోటుగీత ఒక్కసారిగా పడిపోవును, ఆగిపోయినను పడిపోవును. పోటును కొలుచు సూది మన నాడీవైద్యుని వ్రేలివంటిదే. దెబ్బ లేదని చెప్పగలదు. ఎందుకు లేదో చెప్పలేదు.

గుండె వణకునన్న సంగతి అప్పటికే ఒకరు వ్రాసియుండిరి. స్కాట్లండులో అబర్డీను నగరమున జాన్ మెక్‌విలియం, 1887లో జంతువుల గుండెలలో ఈ వణకును వర్ణించి, 1889లో, సరిగా హైదరాబాదు పరీక్షలు జరిగిన ఏడే, మనుష్యుల హఠాన్మరణములకు పలుమారు ఇదియే కారణము కావచ్చునని ప్రకటించెను. జఠరికల కండరములోని పోగులు కలిసి ముడుచుకొనక, దేని కది మెలికలు తిరుగును. పురుగుల మూట కదలినట్లుండును కాని ఒక్క చుక్క రక్తమును బయటికి తోయదు. భజనలో తాళము పట్టువాడు లేక పదిమంది పది వేగములతో చిడతలు కొట్టినట్లు. శబ్దమున్నది, లయ లేదు. మెక్‌విలియం మాటను పెద్దలెవరును లెక్కపెట్టలేదు. కంటికి చూపగల సాధనము లేదు కదా!

ఆ సాధనమునకు బీజమును అదే 1887లో లండనులో పడినది. గుండె ముడుచుకొనునప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని మనుష్యుని దేహము కోయకయే, చేతులు కాళ్ల నుండి పట్టి గీతగా తీసినవాడు అగస్టస్ వాలరు. ఆయన ఇంట జిమ్మీయను బుల్‌డాగు కుక్క యుండెను. దాని పాదములను ఉప్పునీటి గిన్నెలలో నిలిపి, దాని గుండె గీతను సభలలో చూపుచుండెను. కుక్కను హింసించుచున్నాడని పార్లమెంటులో ప్రశ్న కూడ లేచినది! ఉప్పునీటిలో కాళ్లు పెట్టుకొని నిలుచున్న ఆ ఒక్క కుక్కను తలచుకొన్నప్పుడెల్ల, హైదరాబాదులో చచ్చిన వందలకొలది వీధికుక్కలు నాకు గుర్తుకు వచ్చును. వానికొరకు ఏ సభలోనైన ఎవరైన లేచి అడిగిరో లేదో!

వాలరు గీత మసకగా నుండెను. హాలెండు దేశమున లైడెను నగరవాసి విల్లెం ఐంథోవెన్ 1901లో వెంట్రుకకంటె సన్నని తీగను రెండు అయస్కాంతధ్రువముల నడుమ వ్రేలాడదీసి, గుండె విద్యుత్తుచే అది కదలుటను వెలుతురుతో పటముమీద పట్టెను. ఆ యంత్రము బరువు 270 కిలోలు. నడుపుటకు ఐదుగురు మనుష్యులు. ఇప్పుడు సిద్దిపేటలో ఒక యువతి చేతిపెట్టెలో మోసికొని వచ్చునది దాని మనుమరాలే. గీతలోని మిట్టలకు ఆయన పీ, క్యూ, ఆర్, ఎస్, టీ యని పెట్టిన పేర్లనే నేటికిని లోకమంతయు వాడుచున్నది. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక హైదరాబాదు ప్రశ్నకు తిరిగి వత్తము. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీయను మత్తువైద్యుడు, హృదయలేఖలు చదువుటలో ఆనాటికి మేటియైన థామస్ లూయిస్‌తో కలిసి, పిల్లులకు క్లోరోఫారమిచ్చి ఐంథోవెన్ యంత్రముతో గీతలు తీసెను. వారు ఇచ్చినది నిండు మత్తు కాదు, స్వల్ప మత్తు. గీతలో మొదట అక్కడక్కడ ఒక దెబ్బ ముందుగా, వెడల్పుగా పడెను. తరువాత అట్టివి జంటలుగా, వరుసలుగా పడెను. ఆపైన మిట్టలన్నియు చెదరి, గీత పిచ్చివాని వ్రాతవలె వణకెను. నాడి లేదు. మెక్‌విలియం చెప్పినదే, ఇప్పుడు కాగితముమీద! భయపడినప్పుడు దేహములో ఊరు అడ్రినలిను అను రసమును స్వల్ప మత్తులోని పిల్లికి ఎక్కించినచో ఈ వణకు తప్పక వచ్చుచుండెను. నిండు మత్తులో రాలేదు. బెదరిన పడుచువారు చిన్న చికిత్సలలో ఏల పోయిరో, హైదరాబాదు కుక్కలు ఏల ఆ విధముగా పోలేదో, ఒక్కమారే తేటపడెను.

లారీ 1901లో క్లోరోఫారముపై గ్రంథము వ్రాసి తన మతమునే నిలుపుకొనెను, 1915లో మరణించెను. ఆయనను వెక్కిరించుటకు నాకు మనసొప్పదు. శ్వాసను ఎడతెగక కనిపెట్టుమన్న ఆయన బోధ పూర్వమువలెనే నేడును సత్యము. దానివలన బ్రతికినవారు అనేకులు. నాడితో పనిలేదన్న రెండవ సగమే తప్పు. అఫ్జల్‌గంజు ఆసుపత్రి 1908 సెప్టెంబరులో మూసీ వరదకు ఆహుతియైనది. అచ్చటనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచినది. క్లోరోఫారమును ఇరువదవ శతాబ్దపు నడుమనుండి మెల్లగా విడిచిపెట్టిరి. ఇప్పటి మత్తుమందులు వేరు. మత్తు ఇచ్చునప్పుడు ఇప్పుడు శ్వాసను, పోటును, వ్రేలి కొసనుండి రక్తములోని ప్రాణవాయువును, గుండె గీతను కూడ ఒకే తెరమీద చూచుచుందురు.

పటేలు కాగితమును ఎట్లు చదువవలెనో నా శిష్యుడు నాకు చూపినది ఇప్పుడు చెప్పెదను. ఇది మీరు వైద్యము చేసికొనుటకు కాదు. వైద్యుడు చెప్పునప్పుడు బెదరక వినుటకు. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్లు నడచును. చిన్న గడి ఒక మిల్లీమీటరు, అనగా సెకనులో ఇరువదియైదవ వంతు. ఐదు చిన్న గళ్లు ఒక పెద్ద గడి. నిమిషమునకు పెద్ద గళ్లు 300. కావున రెండు నిలువు కొనల నడుమ ఎన్ని పెద్ద గళ్లున్నవో లెక్కించి, 300ను దానిచే భాగించినచో నిమిషమునకు దెబ్బలెన్నో తేలును. పటేలు కాగితములో నాలుగు గళ్లు, అనగా 75. పెద్దవారికి విశ్రాంతిలో 60 మొదలు 100 వరకు సామాన్యము. మొదటి చిన్న మిట్ట పీ: గుండె పైగదులైన కర్ణికలు మేలుకొన్నవని. తరువాతి నిలువు కొన: క్రింది గదులైన జఠరికలు మేలుకొన్నవని. చివరి గుండ్రని మిట్ట టీ: అవి మరల సిద్ధమగుచున్నవని. ప్రతి నిలువు కొనకు ముందు ఒక పీ యున్నదా, కొనల నడుమ ఎడము సమమా, ఈ రెండే మొదట చూచునవి.

ఎడములో ఎట్టి క్రమమును లేక, పీ మిట్టయే కనబడక, కర్ణికలు వణకుటవలన పడు నాడి ఒకటి కలదు. అది నడకలోనున్న మనుష్యునికే యుండవచ్చును. వెనుకటివారు ఎడతెగని క్రమహీన నాడియని వర్ణించిన దానికి మూలము కర్ణికల వణకేయని 1909లో చూపినవారిలో ఈ లూయిస్ ఒకడు. ఇది వెంటనే చంపదు. కాని కదలని రక్తము గడ్డకట్టి మెదడునకు పోయి పక్షవాతము తేవచ్చును. వృద్ధులలో ఇది అరుదు కాదు. మణికట్టు పట్టి చూచుకొన్నప్పుడు నాడి ఏ లెక్కకును అందకుండ పడుచున్నచో, మనవంటి వయసువారు ఒక కాగితము తీయించుకొనుట మంచిది. జఠరికలు వణకుట మాత్రము వేరు. అది నిమిషముల పని. అక్కడ ఛాతీని అదుముచు, విద్యుత్తు ఘాతమిచ్చి గుండెను తిరిగి తాళమున పెట్టవలసినదే.

పటేలు కాగితములో నున్నది ఈ రెండును కాదు. పది సెకనుల గీతలో ఒక్క దెబ్బ ముందుగా పడి, దాని వెనుక కొంచెము ఎడము ఎక్కువై, తరువాత ఎప్పటివలె నడచినది. పెక్కు ఆరోగ్యవంతులలో ఇది కనబడును. తరచుగా వచ్చుచున్నను, గుండెజబ్బు తోడున్నను విచారింపవలెను. శార్ఙ్గధరుని వాక్యము చదివినవాడను కాన ఆగి నడచు నాడి అనగానే నాకును గుండె జారినది. ఆగుటలన్నియు ఒకటి కావని ఆయనకు చూపుటకు అప్పుడు గీత లేదు.

ఇది యంతయు నేను పటేలుకు చెప్పితిని. హన్నా గ్రీనరు కథ కూడ దాచలేదు. ఆయన చాలసేపు ఊరకుండి, "అయితే ఆ పోరి బుగులుకే పాయె నన్నట్టు" అనెను. తరువాత, "నాకు మత్తిచ్చేటోల్లు ఆ గీత సూసుకుంట ఉంటరా?" అని అడిగెను. చూచుచుందురంటిని. మరుసటి వారము కొడుకుతో సిద్దిపేట పోయెను. వైద్యులు శబ్దతరంగములతో గుండెను చూచి, లోపము లేదని తేల్చుకొని, ఆపైన మత్తు ఇచ్చి రాళ్లు తీసిరి. మత్తువైద్యురాలు నిద్రపుచ్చుటకు ముందు తెరను తనవైపు త్రిప్పి చూపినదని, దానిమీద పచ్చని గీత పరుగెత్తుచుండగా టిక్కుటిక్కుమని చప్పుడైనదని, పన్నెండు లెక్కపెట్టువరకు తనకు తెలివియున్నదని పటేలు వచ్చి చెప్పెను.

ఆ మొదటి కాగితము నాయొద్దనే యున్నది. తిరిగి ఇచ్చునప్పుడు చూచితిని: గీత అప్పటికే ఒక అంచున వెలిసినది. ఆ కాగితము వేడికి అచ్చుపడునది. ఎండ తగిలినను, ఏండ్లు గడచినను మాసిపోవును. రేపు మరియొక వైద్యుడు పాత గీతతో పోల్చి చూడవలెనన్నచో తెల్లకాగితము మిగులును. అందుచేత బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి, ఒకటి ఆయన పంచాంగములోను, ఒకటి ఆయన కొడుకు పెట్టెలోను పెట్టించితిని.